వేటకుక్క కబురు

అమెరికాలో దిగే తెలుగు తల్లిదండ్రుల్లో కొందరికి బీగిల్‌తో తొలి పరిచయం విమానాశ్రయంలోనే అవుతుంది. సామాన్ల బెల్టు దగ్గర, మోకాలి ఎత్తు కూడా లేని, చెవులు వేలాడే కుక్క ఒకటి కోటు తొడుక్కుని, ఒక్కో పెట్టెనూ ముక్కుతో తడుముకుంటూ వస్తుంది. మనవడి కోసం చీరల మడతల్లో పెట్టి తెచ్చిన బంగినపల్లి పండు వాసన తగిలిందా, ఆ పెట్టె పక్కన ఆగి కూర్చుంటుంది. మొరగదు, గోకదు, పెట్టెను లాగదు. కూర్చుని, తనను తీసుకొచ్చిన అధికారి మొహంలోకి చూస్తుంది. ఆయన నడుముకున్న సంచిలోంచి ఓ ముక్క తీసి నోటికి అందిస్తాడు. పండు అక్కడే ఉండిపోతుంది, కుక్క తర్వాతి పెట్టె దగ్గరికి పోతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. 'బీగిల్ బ్రిగేడ్' అంటారు. పళ్లతోనూ మాంసంతోనూ కలిసొచ్చే పురుగులూ తెగుళ్లూ దేశంలోకి రాకుండా చూడటం వాటి పని. జార్జియా రాష్ట్రం న్యూనన్‌లోని శిక్షణ కేంద్రంలో మామిడి, నిమ్మజాతి పళ్లు, ఆపిల్, గొడ్డుమాంసం, పందిమాంసం వాసనలతో వాటికి పాఠం మొదలవుతుంది. దిక్కులేని కుక్కల ఆశ్రయాల నుంచి తెచ్చినవీ, పెంచుకోలేక జనం ఇచ్చేసినవీ కూడా వాటిలో ఉంటాయి.

మా ఇంట్లో ఉన్నదీ బీగిలే. పేరు బాదం. మియాపూర్‌లో నాలుగో అంతస్తు. వచ్చిన మొదటి ఏడాది లిఫ్టు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అరిచేది. పాలప్యాకెట్ల అబ్బాయి, పేపరు, కొరియర్, కింద స్కూలు బస్సు హారన్, దేనికైనా ఒకటే. అదీ మామూలు భౌ భౌ కాదు. తల పైకెత్తి, మూతి గుండ్రంగా చేసి, ఛాతీలోంచి తీసే పొడుగాటి కేక. ఒకరోజు ఎదురు ఫ్లాట్ పిన్నిగారు తలుపు కొట్టి, "దానికేమైనా బాగోలేదా అమ్మా? అలా ఏడుస్తోందేంటి? కుక్క ఏడుపు ఇంటికి మంచిది కాదు" అన్నారు. ఆమె మాటలో కోపం లేదు, నిజమైన భయం ఉంది. ఆ భయానికి జవాబు చెప్పాలంటే ముందు నాకే తెలియాలి కదా, ఆ కేక ఏమిటో.

కుక్క గొంతులకు తెలుగులో మాటలు తక్కువేం లేవు. మొరుగుతుంది, గుర్రుమంటుంది, కుయ్యోమంటుంది, ఊళ వేస్తుంది. బీగిల్ కేకకు మాత్రం సరిపోయే మాట నాకు దొరకలేదు. మొరుగులోని తెగువా, ఊళలోని సాగుడూ కలిసిన అరుపు అది. ఇంగ్లండ్, ఫ్రాన్స్ దేశాల వేట పొలాల్లో వందల ఏళ్లుగా మనుషులు కావాలని పెంచి పోషించిన గొంతు. ఇక్కడికి వేటకేక అనుకుందాం.

వేటకుక్కలన్నీ ఇలా అరవవు. కర్ణాటక మూధోల్, తమిళనాడు చిప్పిపారై కంటితో వేటాడే జాతులు. మెట్ట నేలల్లో, మైదానాల్లో కుందేలు లేచిందంటే కుక్కకూ కనబడుతుంది, వేటగాడికీ కనబడుతుంది. పరుగే కావాలి, అరుపుతో పని లేదు. అందుకే ఆ జాతులు చాలావరకు నోరు తక్కువవి. మన కొల్లేరు పక్కల బాతుల మందలు కాసిన జోనంగి అయితే మొరగడమే అరుదని, గొంతులో పాటలాంటి వింత ధ్వని తీస్తుందని చెబుతారు.

బీగిల్, బాసెట్, బ్లడ్‌హౌండ్, అమెరికా కూన్‌హౌండ్ ముక్కుతో వేటాడతాయి. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు దాదాపు 50 లక్షలని, బీగిల్‌కు 22 కోట్లకు పైనేనని, బ్లడ్‌హౌండ్‌కు 30 కోట్ల దాకా ఉంటాయని లెక్క చెబుతారు. అంత ముక్కున్న కుక్క ఎప్పుడో వెళ్లిపోయిన కుందేలు జాడ పట్టుకుని పొదల్లో దూరిపోతుంది. వేటగాడు వెనక ఎక్కడో కాలినడకన ఉంటాడు. అతనికి కుందేలూ కనబడదు, కుక్కా కనబడదు. వాళ్లిద్దరి మధ్య మిగిలిన తాడు ఒక్కటే, గొంతు. 'ఇక్కడున్నాను, జాడ దొరికింది, ఇటు పోతోంది, వెంట రా' అని కబురు పంపడానికే ఆ కేక. పంపని కుక్క వేటకు పనికిరాదు, దాని సంతానాన్ని ఎవరూ ఉంచుకోలేదు. జాడ లేకుండానే ఊరికే అరిచే కుక్కనూ ఉంచుకోలేదు. దానికి ఇంగ్లీషు వేటగాళ్లు 'బాబ్లర్' అని పేరు పెట్టారు, వదరుబోతు అని. తరతరాలుగా ఏరి ఏరి నిలిపింది పెద్ద గొంతును మాత్రమే కాదు, అబద్ధం చెప్పని గొంతును.

ఈ సంగతి కళ్లకు కట్టాలంటే అమెరికా దక్షిణాది అడవుల్లో రాత్రి వేట గురించి చెప్పుకోవాలి. అక్కడ రకూన్ అనే జంతువు ఉంది. పిల్లికంటే కాస్త పెద్దది, కళ్లకు నల్ల గంతలు కట్టినట్టుంటుంది, చీకట్లో తిరుగుతుంది, తరిమితే చెట్టెక్కుతుంది. దాని కోసమే బ్లూటిక్, రెడ్‌బోన్, ట్రీయింగ్ వాకర్ లాంటి కూన్‌హౌండ్ జాతులు తయారయ్యాయి. వేటగాళ్లు కుక్కల్ని చీకట్లోకి వదిలి, నిలబడి వింటారు. జాడ మీద ఉన్నంతసేపూ కుక్క పొడుగ్గా, సాగదీసి అరుస్తుంది. రకూన్ చెట్టెక్కగానే గొంతు మారుతుంది. కట్టెలు కొడుతున్నట్టు పొట్టిగా, వరసగా, ఆగకుండా మొరుగుతుంది. మైలు దూరం నుంచే వేటగాడు 'చెట్టెక్కించింది' అంటాడు. అయిదారు కుక్కలు ఒకేసారి అరుస్తున్నా తన కుక్క గొంతు ఏదో విడదీసి చెబుతాడు. అక్కడ యునైటెడ్ కెన్నెల్ క్లబ్ రాత్రి పోటీలు జరుపుతుంది. జాడ పట్టిన మొదటి కుక్కను గొంతుతో గుర్తించి ప్రకటించిన యజమానికి 100 పాయింట్లు, చెట్టు దగ్గర మొదట ప్రకటిస్తే 125. తన కుక్క గొంతును పొరబడ్డవాడు ఓడిపోతాడు. పోటీ కుక్కకు ఎంతో, వినేవాడి చెవికీ అంతే.

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్‌కు వేటకుక్కలంటే ప్రాణం. 1785లో ఆయన ఫ్రెంచి మిత్రుడు లఫాయెట్ ఫ్రాన్సు నుంచి ఆయనకు పెద్ద గొంతు వేటకుక్కల్ని పంపాడు. ఆయన కుక్కల పేర్లలో 'మ్యూజిక్', 'స్వీట్ లిప్స్' ఉన్నాయి. మనకు గోలగా వినిపించేదాన్ని వాళ్లు సంగీతంగా విన్నారు. అలా విన్నారు కాబట్టే అది అంత బలంగా ఈనాటి బీగిల్ దాకా వచ్చింది.

రక్తంలో ఉన్న గుణమని నేను ఊరికే అనడం లేదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు అయిదు జాతుల కుక్కల్ని ఏళ్ల తరబడి ఒకే తీరున పెంచి గమనించారు. వాటిలో బీగిల్ ఒకటి. తక్కువగా మొరగడానికి పేరుపడ్డ ఆఫ్రికా బసెంజీ మరొకటి. 1965లో వాళ్లు వెలువరించిన పుస్తకంలో తేలిన విషయాల్లో ఒకటి, కుక్క నోరు ఎంత తేలిగ్గా తెరుచుకుంటుందన్నది జాతిని బట్టి మారుతుందని. కాబట్టి బీగిల్ యజమాని ముందే మనసులో పెట్టుకోవాల్సింది ఇది. అరవని బీగిల్ కోసం ఎదురుచూడకూడదు. ఎప్పుడు అరవాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన బీగిల్ మాత్రం సాధ్యమే.

దానికి ముందు వినడం నేర్చుకోవాలి. ఇది అనుకున్నంత కష్టం కాదు. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని ఎట్వోష్ లొరాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ పొంగ్రాట్స్ బృందం ముడి అనే గొర్రెలకాపు కుక్కల అరుపుల్ని రకరకాల సందర్భాల్లో రికార్డు చేసి జనానికి వినిపించింది. కొత్తమనిషిని చూసి అరిచినదేదో, ఒంటరిగా కట్టేస్తే అరిచినదేదో, ఆటలో అరిచినదేదో జనం గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికంటే బాగా చెప్పగలిగారు. కుక్కను ఎన్నడూ పెంచనివాళ్లు కూడా. 2005లో ప్రచురించిన ఆ పరిశోధనలో కనబడిన సూత్రం మన చెవులకూ తెలిసిందే. గొంతు లావుగా, అరుపులు దగ్గర దగ్గరగా ఉంటే బెదిరింపు. గొంతు సన్నగా, మధ్యమధ్య ఎడం ఉంటే బేలతనం. మన సామెత 'మొరిగే కుక్క కరవదు' అంటుంది కానీ, దాన్ని నమ్ముకుని చేయి చాపకండి. లావు గొంతుతో గబగబా మొరుగుతూ ఒళ్లు బిగించి నిలబడ్డ కుక్క కరవొచ్చు.

ఇప్పుడు ఫ్లాట్‌లోకి వద్దాం.

అపార్ట్‌మెంట్ బీగిల్ అరుపుల్లో ఎక్కువ వాటా లిఫ్టుదీ, కారిడార్‌దీ. ఏదో వచ్చింది, వాసన మారింది, చప్పుడైంది. కబురు చెప్పాలి. అది చెబుతుంది. మనం సోఫాలోంచే "ఏయ్! నోర్ముయ్!" అని కేక వేస్తాం. ఆలోచించండి, దాని చెవికి అదెలా వినబడుతుంది? తాను అరిచింది, పెద్దవాళ్లూ అరిచారు. అంటే విషయం పెద్దదే. ఇంకా గట్టిగా అరుస్తుంది. మేమూ చాలా నెలలు ఇదే చేశాం.

పనిచేసిన పద్ధతి వేరు. అది అరవగానే లేచి తలుపు దాకా వెళ్లడం. అదే ముఖ్యం, వెళ్లడం. చూసి, మామూలు గొంతుతో "చూశాను, చాలు" అనడం. తర్వాత వెనక్కి తిరిగి వంటింటి వైపు నడిచి, గుప్పెడు దాణా గింజలు నేల మీద చల్లడం. ముక్కు నేలకు దిగుతుంది, ఏరుకోవడం మొదలవుతుంది, గొంతు ఆగుతుంది. కబురు అందిందని దానికి తెలిసింది, ముక్కుకు పనీ దొరికింది. మొదటి వారం రోజుకు ఇరవైసార్లు లేవాల్సి వచ్చింది. విసుగొస్తుంది, ఒప్పుకుంటాను. మూడో వారానికి లిఫ్టు చప్పుడు కాగానే బాదం ఒకటి రెండుసార్లు అరిచి, తనే వంటింటి వైపు తిరిగి చూసేది. ఆ చూసే క్షణాన్ని పట్టుకోవాలి. అరుపుకూ అరుపుకూ మధ్య వచ్చే ఆ చిన్న మౌనానికి ముక్క పెట్టాలి. మొదట రెండు సెకన్లకే పెట్టి, తర్వాత అయిదు, పది అంటూ ఎడం పెంచాలి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. నాన్న "చాలు" అని, అమ్మమ్మ "ఉష్" అని, పిల్లాడు "స్టాప్" అని అంటే కుక్కకు మూడు భాషలు నేర్పినట్టు.

చప్పుళ్లను తగ్గించడమూ సాయం చేస్తుంది. తలుపు పక్కన దాని పరుపు ఉంటే లోపలి గదికి మార్చండి. రోడ్డు కనబడే కిటికీకి కింది సగం తెర కట్టండి. ఫ్యాన్ హోరు కూడా బయటి చప్పుళ్లను కొంత మింగుతుంది.

వీటన్నిటికంటే ముందుండాల్సింది ముక్కుకు రోజువారీ పని. బీగిల్ చిన్న కుక్క, ఫ్లాట్‌కు సరిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. కొలతకు సరిపోతుంది. దాని ఆకలి పొట్టదొక్కటే కాదు, ముక్కుది కూడా అని ఎవరూ చెప్పరు. షికారుకు తీసుకెళ్లి, చెట్టు మొదట్లో ఆగితే గొలుసు లాగి "నడువు నడువు" అంటే దాని చేతిలోంచి పేపరు లాక్కున్నట్టే. పొద్దునపూట ఓ అరగంట, పొడవు తాడు కట్టి, దాని ముక్కు ఎటు పోతే అటు నడవనివ్వండి. ఎండాకాలంలో ఇది ఆరింటిలోపే అయిపోవాలి. ఆ తర్వాత తారు రోడ్డు మీద అరచేయి వెనకభాగం అయిదారు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. తిండి గిన్నెలో పోయకండి. పాత తువ్వాల్లో చుట్టండి, అట్టపెట్టెలో చిత్తుకాగితాల కింద దాచండి, సోఫా వెనక నాలుగు గింజలు పెట్టి వెతకమనండి. బయటినుంచి చూస్తే ఆటలా ఉంటుంది. దానికది వేట. వెతికి తిన్న బీగిల్ తర్వాత చాలాసేపు పడుకుంటుంది. బహుమతిగా పెట్టే ముక్కలకు ఉడికించిన కోడిమాంసం, క్యారెట్ చాలు. ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ కుక్కకు విషం. పెట్టిన ముక్కలన్నీ పూట భోజనంలోంచి తగ్గించండి, ఈ జాతికి ఒళ్లు త్వరగా వస్తుంది.

మనం లేనప్పుడు అరిచే అరుపు సంగతి వేరు. దాన్ని లిఫ్టు అరుపుతో కలపకూడదు. ఫోను ఒకటి ఓ మూల పెట్టి, వీడియో ఆన్ చేసి బయటికి వెళ్లండి. మనం వెళ్లిన కాసేపటికే ఊళలు మొదలై, తలుపు గోకడం, చొంగ కార్చడం, అలవాటున్న కుక్క కూడా ఇంట్లో పాసు పోయడం కనబడితే అది అల్లరి కాదు, బెంబేలు. గుంపుగా వేటాడటానికి పెంచిన జాతికి ఒంటరితనం నిజంగానే కష్టం. ఇక్కడ వినబడేది వేటకేక కాదు, దారి తప్పినప్పుడు గుంపును పిలిచే ఊళ. తిరిగొచ్చి తిడితే రేపు మనం తాళంచెవి తీసేటప్పుడే దానికి వణుకు మొదలవుతుంది.

చిన్న చిన్న అంగలతో అలవాటు చేయాలి. తాళంచెవి తీసి, మళ్లీ కూర్చోండి. చెప్పులేసుకుని, మళ్లీ విప్పండి. తలుపు బయట పది సెకన్లు నిలబడి, అది ఏడవకముందే లోపలికి రండి. అర నిమిషం, నిమిషం, అయిదు నిమిషాలు. ఈ వారాల్లో దాన్ని పూర్తిగా ఒంటరిగా వదలకుండా చూసుకోగలిగితే మంచిది, అమ్మమ్మ దగ్గరో, పక్కింట్లోనో. అయినా తగ్గకపోతే పశువైద్యుల దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి. ఫ్లూఆక్సెటీన్, క్లోమిప్రమీన్ లాంటి మందులు కుక్కల్లో ఈ బెంబేలు కోసమే అమెరికాలో ఆమోదం పొందాయి. డాక్టరు రాస్తేనే వాడాలి, మనుషుల మాత్ర విరిచి వేయకూడదు. వయసు మళ్లిన కుక్క కొత్తగా రాత్రిళ్లు అరవడం మొదలుపెట్టినా ముందు వైద్యుడికే చూపించాలి. చెవుడు, కీళ్లనొప్పి, మతిమరుపు, ఏదైనా కావచ్చు.

అడిగి తెచ్చుకునే అరుపు ఒకటుంది. భోజనం బల్ల దగ్గర మన కళ్లలోకి చూస్తూ ఒక్కొక్కటిగా విసిరేది. తొమ్మిదిసార్లు పట్టించుకోకుండా పదోసారి ముక్క వేస్తే, పదిసార్లు అరవాలని నేర్పినట్టు. పట్టించుకోవడం మానేసిన మొదటి కొన్ని రోజులు అరుపు పెరిగి, ఆ తర్వాతే తగ్గుతుంది. పెరిగినప్పుడు లొంగిపోతే మొదటికొస్తుంది.

ఇక పిన్నిగారి భయం. అంబులెన్సు సైరన్‌కో, సన్నాయికో బీగిల్ తల ఎత్తి ఊళ అందుకుంటుంది. సాగే శ్రుతి చెవిన పడితే గుంపులో గొంతు కలపడం తోడేళ్ల నుంచి వచ్చిన అలవాటు. సైరన్ దాని చెవికి దూరాన ఉన్న బంధువు పిలుపులా వినబడుతుందంటారు. ఇది ఆమెకు చెప్పాను. వీధిలో సైరన్ వచ్చినప్పుడు మా బాల్కనీలో నిలబడి చూశారు కూడా. కుక్క ఊళను చావు కబురని పెద్దలు ఎందుకన్నారో నాకు తెలిసినంతలో ఇది. పూర్వం రాత్రిపూట ఇంటిల్లిపాదీ మేలుకుని, ఊళ చెవిన పడేది ఇంట్లో మనిషి మంచంలో ఉన్నప్పుడే. విన్నది గుర్తుండిపోయింది.

అరవగానే కరెంటు షాకిచ్చే పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొనకండి. వేల్స్‌లో 2010లోనే కుక్కలకు వాటిని కట్టడం నిషేధించారు. లిఫ్టులోంచి పాప దిగిన క్షణంలో మెడకు షాక్ తగిలితే, కుక్క నేర్చుకునేది మౌనం కాదు, ఆ పాపంటే భయం. గొంతు తంత్రులు కోయించే ఆపరేషన్‌ను 1987 నాటి యూరప్ ఒడంబడిక కూడదంది. కబురు పంపడానికే పుట్టిన జీవికి అంతకంటే క్రూరత్వం ఉంటుందని నేననుకోను.

అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొరగడం కుక్కకు సహజమనీ ఓర్చుకోవాలనీ అంటూనే, ఆగకుండా అరిస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బందేననీ, రాత్రిళ్లు మరీ ముఖ్యంగా శ్రద్ధ తీసుకోవాలనీ యజమానులకూ చెప్పాయి. మొదటి సగం మాత్రమే చదివి పోట్లాటకు దిగేవాళ్లున్నారు. చంటిపిల్లను నిద్రపుచ్చుకునే తల్లికీ, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషికీ మనం చెప్పుకోవాల్సింది రూలు కాదు. "ఇలా నేర్పుతున్నాం, రెండు నెలలు పడుతుంది, ఇబ్బందైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ముందే వెళ్లి చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు లిఫ్టు తెరుచుకుంటే బాదం గొంతులోనే ఒకసారి 'వుఫ్' అంటుంది. వంటింట్లోకి వచ్చి, నా కాలి పక్కన కూర్చుని, మొహంలోకి చూస్తుంది. క్యారెట్ ముక్క అందిస్తాను. ఆదివారాలు మాత్రం ఊరి బయట కందిచేల గట్ల మీదికి తీసుకెళ్లి పొడవు తాడు కట్టి వదులుతాను. కుందేలు జాడో, కౌజుపిట్ట జాడో తగిలినప్పుడు తల ఎత్తి, మూతి గుండ్రంగా చేసి, చేనంతా వినబడేలా కేక వేస్తుంది. అక్కడ ఆపను. "విన్నానే" అంటూ దాని వెనకే నడుస్తాను.